పొలిమేర కట్టిన నాడు

విమానాలు దిగని విమానాశ్రయం పక్కన బతకడంలో ఒక లాభం ఉంది. మిరపకాయలు ఎండబోసుకోవచ్చు.

మా ఇప్పలగూడెం వాళ్లు ఆ లాభం చాలా ఏళ్లు అనుభవించారు. వరంగల్ బయట, నిజాం కాలంలో పరిచిన రన్‌వే అది. ఒకప్పుడు అక్కడ పెద్ద పెద్ద విమానాలు వాలేవని ముసలివాళ్లు తామే నడిపినంత గొప్పగా చెప్పేవారు. నాకు తెలివి వచ్చేసరికి వాలేది కాకులు, కొంగలు, ఎప్పుడన్నా ఒక మంత్రిగారు. ఆయన వచ్చే రోజు కాపలాదారు సైకిలు మీద వచ్చి కేకేస్తే మా వాళ్లు ఉరుకుతూ పోయి మిరపకాయలు కుప్పచేసి, బర్రెలను అదిలించి పక్కకు జరిగేవారు. ఆయన పోగానే మళ్లీ పరిచేవారు. ఆ జాగాను మేము ఇమానాల గడ్డ అనేవాళ్లం.

నా పేరు భారతి. అప్పటి సర్పంచి ఎల్లస్వామి బిడ్డను. నన్ను ములుగులో ఇచ్చారు, రెండేళ్లకే తిరిగొచ్చాను. నోరు మంచిది కాదు గనుక అత్తగారింట్లో నిలవలేదని ఊళ్లో చెప్పుకునేవారు. నా నోటికేం రోగం లేదు, చెవులతోనే వచ్చింది తంటా. విన్నదాన్ని విననట్టు ఉండటం నాకు చేతకాదు. తిరిగొచ్చాక ఊళ్లో బాల్వాడీ నడుపుకుంటూ బాపు దగ్గరే ఉన్నాను.

1983లో మిరపకాయలు గడ్డ మీద ఉండగానే ఊళ్లోకి జీపు వచ్చింది. దిగినవాడు ప్లానింగ్ ఆఫీసరు. వరంగల్‌కు మాస్టర్ ప్లాన్ వేస్తున్నామన్నాడు. అంటే ముందు ముందు ఎక్కడ రోడ్డు రావాలి, ఎక్కడ ఇళ్లు ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది ఇప్పుడే కాగితం మీద గీసి పెట్టడం. మనిషి మాటకారి. మాది పరకాల దిక్కే అన్నాడు, మా ఇంట్లో కోడికూర తిన్నాడు, కారం ఇంకొంచెం పడాల్సింది అని నవ్వాడు. సర్కారు మనిషి మన మాట మాట్లాడితే చాలు, మనకు సగం ప్రాణం లేచి వస్తుంది. మా బాపుకైతే పూర్తిగా లేచి వచ్చింది.

పటం పరచడానికి మా పక్కింటికి పోయాం. పక్కిల్లు అబ్దుల్ కరీంది. ఆయన ఊరి దర్జీ. గుడ్డ కత్తిరించే వెడల్పు బల్ల ఊళ్లో ఆయనకే ఉంది. బాపును అన్నా అనేవాడు, నేను ఆయన్ను కాకా అనేదాన్ని. ఊరి పిల్లల లాగుల నుంచి పోచమ్మకు కట్టే చీర అంచు దాకా అన్నీ ఆయన మిషను మీదే సాగేవి. కాక కత్తెర ఒక మూలన, ఇస్త్రీపెట్టె ఒక మూలన పెట్టి పటం ఎగరకుండా ఆపాడు. ఆఫీసరు ఎర్ర పెన్సిలుతో గీసిన గీతను చూపించాడు. రన్‌వే పొడుగు పెంచుతారట, పెద్ద విమానాలు వస్తాయట, అవి దిగే దారి ఇదట.

"సార్, గీ గీత మా ఊరి మీదికెళ్లి పోతాంది గద?" అన్నాడు కాక.

"ఊరా?" ఆఫీసరు పటం మీదికి వంగాడు. "ఇక్కడ ఊరు లేదు. ఖాళీ జాగ అని ఉన్నది."

అప్పుడు మేమంతా ఆ ఖాళీ జాగాలోనే నిలబడి ఉన్నాం. కాక భార్య లాల్‌బీ అదే ఖాళీ జాగాలో పొయ్యి మీద ఆయనకు చాయ్ కాస్తోంది. నాకు నవ్వు రాలేదు. బాపు మాత్రం నవ్వాడు, ఆఫీసరు తమాషా చేస్తున్నాడనుకుని.

తమాషా కాదని కాసేపట్లో తేలింది. పటంలో ఆ ఎర్రగీత తిన్నగా వచ్చి ఒకచోట చక్కగా వంపు తిరిగి మళ్లీ తిన్నగా పోయింది. అక్కడెందుకు వంగిందని అడిగాను.

"అది రైసు మిల్లు సేటు తోటమ్మా. ఆయన ఆఫీసుకొచ్చి అభ్యంతరం చెప్పిండు. జరిపినం."

"మేం చెప్తే మాకూ జరుపుతరా?"

"ఎందుకు జరపం? రూలు అందరికీ ఒకటే. విచారణకు ఒక దినం పెడ్తం. ఆ దినం మీ ఊరి మనిషి ఒక్కడన్నా వచ్చి నా ముందట నిలవడి మాకు అభ్యంతరం ఉన్నదని చెప్పాలె. అప్పుడు నేను పైకి రాయాలె, గీత మళ్లా చూడాలె. ఎవ్వలూ రాకుంటే ఒప్పుకున్నట్టే లెక్క."

అంతే. ఊరు ఉండాలంటే ఒక్క మనిషి పోయి ఒక్క మాట చెప్పాలి. ఇంత సులువైన పని మా జన్మలో మాకు ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి పెట్టిన దినానికి ఒక్క మనిషి కాదు, ఊరంతా లారీ ఎక్కి హన్మకొండ పోయింది. చంటిపిల్లలతో సహా. ఆఫీసరు క్యాంపు పోయాడన్నారు. మళ్లీ తేదీ చెప్తాం పొమ్మన్నారు. ఆఫీసు గోడ నీడన కూర్చుని సద్ది తిని తిరిగొచ్చాం. పొద్దుగూకే దాకా అరిచిన జనాన్ని చూసి అక్కడి గుమాస్తాలు కిటికీలు మూసుకున్నారు. ఆ అరుపు ఎవరికి ఎంత గట్టిగా వినబడిందో మాకు తర్వాత తెలిసింది.

తిరిగొచ్చాక పంచాయతీ దగ్గర కూర్చున్నారు. మొగిలమ్మ అని ఊళ్లో అందరికంటే పెద్దావిడ. గడ్డ కట్టిన కాలం ఆమెకు గుర్తుంది. మా ముత్తాతల ఊరు అప్పుడు రన్‌వే కింద పోయిందని, లేచొచ్చిన వాళ్లు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారని చెప్పేది. ఆ రోజు ఆమె చేతికర్ర నేలకు కొట్టి ఒక మాట అంది.

"పటంల ఊరెందుకుంటదిరా? మన బొడ్రాయి గడ్డ కింద ఉండె. గీడికొచ్చినంక మల్ల బొడ్రాయి వేసుకున్నమా? బొడ్రాయి లేంది ఊరెట్లయితది? గుడిసెలంటరు, ఖాళీ జాగ అంటరు."

అందరూ తలలూపారు. బొడ్డు లేకుండా మనిషి లేడు, బొడ్రాయి లేకుండా ఊరు లేదు అన్నది మా దిక్కున ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఊరి నడిమధ్య ఆ రాయి నాటితేనే అది ఊరు. ఇప్పుడు నాటుదాం, ఊరవుదాం, ఆఫీసరుకు చూపిద్దాం అనుకున్నారు. పటానికి కావలసింది రాయి కాదని, ఒక మనిషి మాట అని నేను అన్నాను. రెండూ చేద్దాం బిడ్డా, తప్పేముంది అన్నాడు బాపు. తప్పేమీ కనిపించలేదు నాకు కూడా.

బొడ్రాయి వేసిన నాడు ఊరు కడతారు. తెల్లవారకముందే పొలిమేర చుట్టూ తిరిగి పొలి చల్లుతారు. పొలి అంటే బలి ఇచ్చిన నెత్తురు కలిపిన అన్నం. అది చల్లాక మర్నాటి పొద్దుపొడుపు దాకా లోపలి మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. ఎవరన్నా దాటితే వాళ్ల వెనుక ఊరి సత్తువ కూడా దాటిపోతుందని నమ్మకం. ఇందులో కులం లేదు, మతం లేదు. ఊళ్లో పొయ్యి వెలిగించే ప్రతి ఇంటికీ కట్టు ఒకటే.

జ్యేష్ఠంలో ఒక గురువారం ముహూర్తం కుదిరింది. కుదరగానే బాపుకు ఒక ఆలోచన వచ్చింది, ఆఫీసరును పిలుద్దామని. ఆయన కండ్లతో చూస్తే పటంలో రాసుకుంటాడు కదా అన్నాడు. బాపు, కరీం కాక, నేను, తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పట్టుకుని హన్మకొండ పోయాం. పెళ్లికి మేనమామను పిలిచినంత మర్యాదగా పిలిచాం.

ఆఫీసరు నిలబడి రెండు చేతులతో తాంబూలం తీసుకున్నాడు. "ఏ దినం అన్నరు?"

"గురువారం సార్. తెల్లారకముందే రావాలె మీరు. పొలి చల్లినంక ఊరు కడుతం. ఇగ ఎవ్వల్ని లోపలికి రానియ్యం, బయటికి పోనియ్యం," అన్నాడు బాపు.

"ఎవ్వరూ పోరా?"

"ప్రాణం పోయేటట్టున్నా పోరు సార్," అన్నాడు బాపు గొప్పగా.

"మంచిది, మంచిది. వీలైతే తప్పకుండ వస్త." గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకున్నాడు. బస్సులో వచ్చేటప్పుడు బాపు ఆ గుర్తు గురించే మాట్లాడాడు. అంత పెద్ద ఆఫీసరు మన పండుగను గుర్తు పెట్టుకున్నాడంటే మామూలు మాటా అన్నాడు.

గురువారం ఆయన రాలేదు. పనులుంటాయి అనుకున్నాం. తెల్లవారకముందే పొలి చల్లడం అయింది. వరంగల్ పోయే బాటలో, కింద కాలువ పారే మోరీ దగ్గర వేపమండలు కట్టిన తాడు అడ్డంగా కట్టారు. ఊరి నడుమ రాయి నిలబెట్టి పసుపు రాస్తున్నారు. కరీం కాక తాను కుట్టిన ఎర్రగుడ్డ తెచ్చి రాయికి చుట్టమని మొగిలమ్మ చేతికిచ్చాడు. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లం బిందెలతో నీళ్లు పోస్తున్నాం. అబద్ధమెందుకు, నాకు కూడా సంతోషంగానే ఉంది. మా ఊరికి ఇప్పుడొక బొడ్డు వచ్చింది, ఇక ఎవడు కదిలిస్తాడు అనిపించింది.

పొద్దు బారెడెక్కాక మోరీ దగ్గర్నుంచి ఎవరో గట్టిగా పిలుస్తున్నారని పిల్లలు వచ్చి చెప్పారు. పోయి చూస్తే జమాల్. లాల్‌బీ తమ్ముడు. ఉండేది ఖిలా వరంగల్, చాయ్ బండి పెట్టేది హన్మకొండలో ఆ ప్లానింగ్ ఆఫీసు ఎదురుగానే. సైకిలు తొక్కి తొక్కి అంగీ అంతా తడిసిపోయి ఉన్నాడు. తాడు అవతలే ఆగిపోయాడు. ఊరు కట్టిన సంగతి ఆయనకూ తెలుసు.

"బావా! ఇయ్యాల్నే ఇచారణ!" అని అరిచాడు. "నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు. పొద్దుగాల నా బండి కాడ చాయ్ తాగుకుంట బంట్రోతు చెప్తే పోయి చూసిన. పదకొండు గంటలకు! ఎవ్వలన్నా రాండ్రి, జల్ది!"

డప్పులు ఆగిపోయాయి. ఊరంతా మోరీ దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పరాదు జమాల్? మా తరఫున నువ్వు నిలవడరాదు?" అన్నాడు బాపు.

"అడగకుండనే వచ్చిన్నా మామా? అడిగిన. ఆ ఊరోడే కావాలె, ఇంటి పన్ను రసీదు చూపియ్యాలె అన్నరు."

కాగితం మీద రాసి తాడు మీంచి అవతలికి విసురుదామని నేనన్నాను. కాగితం చెల్లదు, మనిషే నిలబడాలి అన్నాడు జమాల్. మొగిలమ్మ అయితే కాగితం కూడా దాటొద్దు అంది. ఇటు నుంచి అటు పూచికపుల్ల పోయినా కట్టు పోయినట్టేనట. నేను పోతాను అన్నాను. ఆడబిడ్డ దాటితే ఇంటి లక్ష్మి దాటినట్టే అని నలుగురు ఆడవాళ్లు నా రెట్టలు పట్టుకున్నారు. అరిచాను. నా అరుపు ఊరికి అలవాటే, ఎవరూ లెక్క చేయలేదు.

అంతలో కరీం కాక సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఇంటి పన్ను రసీదు జేబులో పెట్టుకుని, తలకు టోపీ పెట్టుకుని, తయారై వచ్చాడు. నేరుగా తాడు దాకా వచ్చి, తాడు పైకెత్తి సైకిలు ముందు చక్రం అవతలికి పెట్టాడు. బాపు వెనుక నుంచి సీటు పట్టుకుని ఆపాడు.

"ఆగు కరీం!"

"ఇడువు అన్నా. గంటల పోత. ఒక్క మాట చెప్పి మోరీ అవతల్నే పండుకుంట, పొద్దు పొడిచినంక లోపలికొస్త."

"దాటొద్దురా. ఊరు కట్టినం."

"నేను ముసల్మాన్ను అన్నా. నేను దాటితే దాటినట్టు కాదనుకోండ్రి. తప్పయితే నాకే తాకుతది. ఊరన్న మిగుల్తది గద?"

నాకు ఇప్పటికీ ఆ మాట వింటున్నట్టే ఉంటుంది. అంతకంటే తెలివైన మాట, అంతకంటే ప్రేమ గల మాట ఆ రోజు ఊళ్లో ఎవరి నోటా రాలేదు. పోనీ పోనీ అని అరుస్తూనే ఉన్నాను నేను. జనంలో సగం మంది కూడా పోనిద్దామన్నట్టే బాపు మొహం చూశారు. బాపు తల ఊపితే చాలు.

బాపు సీటు వదల్లేదు. "గీ ఊరోనివైతే ఆగు కరీం," అన్నాడు. "కాదంటవా, పో."

అవతల జమాల్ టైం చూసుకుని "బావా, బావా" అంటున్నాడు. ఆ ఆఫీసులో మాట్లాడాలంటే ఈ ఊరివాడై ఉండాలి. ఈ ఊరివాడైతే ఆ ఆఫీసుకు పోకూడదు. ఇంత చక్కని ఉచ్చు మాకు మేమే అల్లుకున్నామనుకున్నాను అప్పుడు. అల్లింది వేరేవాడని అప్పటికి తెలియదు.

కాక సైకిలు వెనక్కి లాక్కున్నాడు. చక్రానికి అంటిన పొలి మెతుకులను చేత్తో తుడిచి, తాడు మళ్లీ సరిచేసి ఇంటి దిక్కు నడిచాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

మర్నాడు పొద్దు పొడవగానే బాపు, నేను మొదటి బస్సుకు పోయాం. ఆఫీసరు గదిలోకి రమ్మన్నాడు, కుర్చీలు చూపించాడు, చాయ్ చెప్పాడు. బాపు కూర్చోలేదు.

"సార్, నిన్న రాలేకపోయినం. ఇయ్యాల చెప్తం, రాసుకోండ్రి. మాకు అభ్యంతరం ఉన్నది."

"అయిపోయింది సర్పంచ్ సాబ్. నిన్న సాయంత్రమే ఫైలు హైదరాబాద్ పోయింది. ఎవ్వలూ రాలే, అభ్యంతరాలు లేవని రాసినం."

"మీకెర్కే గద సార్? గురువారం ఊరు కడుతమని మేమే వచ్చి చెప్తిమి గద?" అన్నాను నేను.

ఆఫీసరు లేచి తలుపు దగ్గరకు వేశాడు. మళ్లీ కూర్చున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. మా ఇంట్లో కోడికూర తిన్ననాటి మొహమే.

"చెప్పిండ్రు. అందుకే ఆ దినం పెట్టిన," అన్నాడు. "మీరు ఇజ్జత్‌గల్ల మనుషులు కాబట్టి దాచిపెట్టకుంట చెప్తాన. పోయినసారి లారీ నిండ వచ్చి ఎంత లొల్లి చేసిండ్రు? మల్ల గట్లనే వస్తే నేను పైకి రాయాలె, గీత మల్ల గియ్యాలె. ఏడాది పడ్తది. పైన ప్లాన్ ఈ నెలల్నే కావాలె అంటాండ్రు. నేనేం చెయ్యాలె? మా ఊర్ల గూడ బొడ్రాయి నాడు చీమ దాటది. నాకెర్కలేదా?"

బయటి ఊరివాడైతే ఈ పని చేయలేకపోయేవాడు. బొడ్రాయి అంటే ఏమిటో తెలియనివాడు ఏదో ఒక దినం పెట్టేవాడు, మేము పోయేవాళ్లం. ఇల్లెరిగిన దొంగను పట్టలేమంటారు. మేమైతే ఆ దొంగకు తాంబూలం ఇచ్చి, మేమెవరమూ గడప దాటని రోజు ఇదీ అని చెప్పి వచ్చాం.

ఆఫీసరు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. కాలనీ కడ్తరు. ఇంటింటికి ప్లాట్ ఇస్తరు. మీకు రోడ్డు మీదిది నేను చూస్త."

ఆయన మొహాన చాయ్ పోయాలనిపించింది. అప్పటికి చాయ్ రాలేదు. ఉన్న నోటితో తిట్టగలిగినంత తిట్టాను. ఆయన వింటూ కూర్చున్నాడు. బాపు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఊరంతా మోరీ దగ్గర కాచుకుని ఉంది. ఏమన్నాడు, ఏమన్నాడు అని చుట్టుముట్టారు. అయిపోయిందట అన్నాడు బాపు. ఆ మాటకు ఆడవాళ్లు శోకాలు పెట్టారు. అప్పుడే ఎవరో అన్నారు, ఎవరన్నది ఇప్పుడు అనవసరం, బొడ్రాయి వేసిన మర్నాడే ఇట్లా అయిందంటే కట్టు ఎక్కడో తెగిందని. కట్టు తెగడమంటే మొగిలమ్మకు సైకిలు గుర్తుకొచ్చింది.

"కరీం సైకిల్ గిర్ర దాటలేదా? నా కండ్లతోని చూసిన. పొలి మీదికెళ్లి దాటింది."

ఊరికి కావలసింది దొరికింది. అప్పటిదాకా పోచమ్మ చీర అంచు కుట్టిన చేతులు ఒక్కసారిగా ముసల్మాను చేతులయ్యాయి. ఆయన అక్కడే, గుంపులోనే ఉన్నాడు. లాల్‌బీ ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది.

నేను ఊరుకోలేదు. ఆఫీసరు అన్నదంతా, ఒక్క అక్షరం పోకుండా, గొంతు పగిలేలా చెప్పాను. మన పిలుపు పట్టుకునే ఆ తేదీ పెట్టాడని, మనం లారీలో పోయి అరిచినందుకే చాటుగా చేశాడని, కాకకు దీంతో ఏ సంబంధం లేదని చెప్పాను. అందరూ బాపు దిక్కు తిరిగారు. నిజమేనా పటేలా అన్నారు.

నిజమే అంటే, ఆఫీసరును పిలుద్దామన్నది ఎవరని అడుగుతారు. నిజమే అంటే, కరీంను ఆపింది ఎవరని అడుగుతారు. బాపు మెడ మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని మళ్లీ వేసుకున్నాడు.

"దాని నోరు మీకెర్కే గద," అన్నాడు. "ఆఫీసరు మాటలు దానికేం సమజైతయి."

అంతటితో అయిపోయింది. మొగుడిని వదిలి వచ్చినదాని మాట, ఊరి సర్పంచి మాట. ఏది తూగుతుందో చెప్పడానికి తక్కెడ అక్కర్లేదు. బాపు ఆ అబద్ధం సిగ్గుకు ఆడాడో, రోడ్డు మీది ప్లాటుకు ఆడాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు నుంచి ఆయన చేతి నీళ్లు కూడా నాకు చేదుగానే ఉన్నాయి.

ఇళ్లు తీసేయడానికి మరో రెండేళ్లు పట్టింది. సర్కారుకు మమ్మల్ని తీసేయాలని రాయడంలో ఉన్న తొందర, తీసేయడంలో లేదు. ఆ రెండేళ్లూ కాక మిషను చప్పుడు రోజురోజుకూ తగ్గింది. గుడ్డలు వరంగల్‌లో కుట్టించుకోవడం మొదలుపెట్టారు. లాల్‌బీ బావి దగ్గరికి వస్తే మాటలు ఆగేవి. పక్కిల్లు కనుక నేను పోతూ వస్తూనే ఉన్నాను. నేను పోవడం వల్ల ఆయనకు లాభం ఏమీ లేదు, నన్ను కూడా ఆ ఇంటి లెక్కలోనే వేశారు.

కాలనీలో ప్లాట్లు పంచిన రోజు బాపుకు నిజంగానే రోడ్డు మీది ప్లాటు వచ్చింది. కరీం కాక పక్క ప్లాటు ఎవరికి వస్తే వాళ్లు మార్చమని పట్టుబట్టారు. ముగ్గురు అట్లా మారాక కాక లేచి, తన చీటీ తిరిగి ఇచ్చేసి వచ్చాడు. ఖిలా వరంగల్‌లో జమాల్ ఇంటి పక్క గది చూసుకున్నానన్నాడు. సర్కారు మమ్మల్ని ఊళ్లోంచి లేపింది. కాకను లేపడానికి సర్కారు అవసరం పడలేదు.

ఇన్నేళ్లయింది, పెద్ద విమానం ఒక్కటి దిగలేదు. రన్‌వే ఒక్క గజం పెరగలేదు. మా ఇళ్లుండిన చోట తుమ్మలు మొలిచాయి. పటంలో రాసినట్టు, ఇప్పుడది నిజంగానే ఖాళీ జాగా.

ఖిలా వరంగల్‌కు వెళ్లిపోయిన రోజు కాక ఎడ్లబండిలో మిషను, ఆ వెడల్పు బల్ల, సందూకులు సర్ది, లాల్‌బీని ఎక్కించి మా ఇంటికి వచ్చాడు. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాక చెప్పులు విడిచి అరుగు కింద నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం బాగుండేది.

"పోయొస్త అన్నా," అన్నాడు. "ఒక్కటే మాట మనసుల కొట్టుకుంటాంది, చెప్పి పోత. ఆ దినం నేను పోయినా ఊరును చెడగొట్టినోణ్నే అయితుంటి. పోకున్నా చెడగొట్టినోణ్నే అయిన. ఎట్లయినా నాకు గీ పేరే రాసి ఉంటే, పోయి ఆ ఒక్క మాట చెప్పి వస్తే అయిపోతుండె గద అన్నా. మీకు ఊరన్న మిగులుతుండె."